సస్కటూన్‌లో ఓడిన పాఠాలు

మీ అమ్మాయికో అబ్బాయికో ఇంటర్‌లో సంస్కృతంలో ఎన్ని మార్కులొచ్చాయి? తొంభై ఎనిమిదా, తొంభై తొమ్మిదా? సంతోషం. ఆ భాషలో ఒక్క వాక్యం చదివి వినిపించమని మీరెప్పుడైనా అడిగారా?

అడిగి ఉండరు. అడిగితే ఏమవుతుందో మీకు తెలుసు, పిల్లలకు తెలుసు, మార్కులు వేసినవారికీ తెలుసు. అందరికీ తెలిసిన అబద్ధాన్ని అందరం కలిసి మోయడం మన ఆచారం. నేను జూనియర్ కాలేజీలో తెలుగు చెప్పి రిటైరయ్యాను. నా గది ఏటేటా ఖాళీ అవుతుంటే పక్కన సంస్కృతం గది నిండిపోవడం చూశాను. నిండిన గదిలో సంస్కృతం ఉండేది కాదు. జవాబులు తెలుగు అక్షరాల్లోనో ఇంగ్లీషు అక్షరాల్లోనో బట్టీపట్టి దించేస్తే మార్కులు పడేవి. హేతువాద సభల్లో దీని మీద గొంతు పోయేలా మాట్లాడాను. అయినా ఆ అబద్ధం ఒక మనిషికి ఏం చేస్తుందో నాకు కనిపించింది కెనడాలో, లాటిన్ చెప్పే ఒక తెలుగు టీచరు వెంట తిరిగినప్పుడు.

ఆమె పేరు కరుణ. బాపట్ల దగ్గర ఒక పాస్టరు గారి అమ్మాయి, ఒకప్పటి మా కాలేజీ విద్యార్థిని. దేవుడున్నాడని ఆమె తండ్రీ, లేడని నేనూ వాదించుకుని, ఎవరం గెలవకుండానే టీ తాగి లేచేవాళ్లం. ఆ ఇంట్లోని గ్రీకు బైబిలు చూసి ఆమెకు పాత భాషల మీద మనసు పడింది. క్రైస్తవ వేదాంత కళాశాలలో గ్రీకు, కెనడా వెళ్లాక లాటిన్ చదివి, ఇప్పుడు టొరంటో పక్కన ఏజాక్స్‌లో ఒక హైస్కూల్లో లాటిన్ చెబుతోంది. ఒక రోజు ఫోన్ చేసింది.

"మాస్టారూ, ఏప్రిల్‌లో మా లాటిన్ టీచర్లందరం సస్కటూన్‌లో కలుస్తున్నామండి. మీరూ రండి. వచ్చాక ఇంకో పని కూడా ఉంది. నా క్లాసు మూసేసేలా ఉన్నారు. మన తెలుగువాళ్లతో మీరు నాలుగు మాటలు చెప్పాలి."

సంస్కృతం పూజారుల భాష అని జీవితమంతా వాదించినవాణ్ణి లాటిన్‌ను కాపాడడానికి పిలవడం నాకు నవ్వు తెప్పించింది. అయినా బయలుదేరాను.

బ్రాంప్టన్: నేలకింద గది

టొరంటోలో విమానం దిగి, ముందు పక్కనే ఉన్న బ్రాంప్టన్ వెళ్లాను. మిర్యాలగూడలో ఉన్న నా పాత సహోద్యోగి తన కూతురు శ్రావణికి ఇమ్మని గోంగూర పచ్చడి, కారప్పొడి కట్టి ఇచ్చాడు. మన పిల్లలు విమానాల నిండా వచ్చి దిగుతున్న సంవత్సరాలవి. బస్సెక్కితే పంజాబీ, గుజరాతీ, తెలుగు. ఇంగ్లీషు డ్రైవరు నోట మాత్రమే వినబడింది, అదీ పంజాబీ యాసలో.

ఇంటి పక్కనుంచి మెట్లు దిగితే శ్రావణి ఉండే బేస్‌మెంట్. కిటికీ ఉంది కానీ దాంట్లోంచి కనిపించేది పై ఇంటివాళ్ల కారు టైరు. నలుగురమ్మాయిలు అద్దె పంచుకుంటున్నారు. ఆ అద్దెకు మిర్యాలగూడలో మేడంతా ఇస్తారు. కోడిగుడ్ల కూర వండి పెట్టారు. పచ్చడి సీసా మూత తీయగానే నలుగురూ మాటలు ఆపేశారు. సూట్‌కేసులో కొంత ఒలికి నా రెండు చొక్కాలు గోంగూర రంగు తేలాయి. అవి కూడా ఇచ్చి పొమ్మన్నారు, వాసన చూసుకుంటారట.

నా బుద్ధి ఎక్కడికి పోతుంది? అడిగాను: "ఇంటర్‌లో సెకండ్ లాంగ్వేజ్ ఏం తీసుకున్నావమ్మా?"

"సంస్కృతం సార్. తొంభై ఎనిమిదొచ్చినయ్."

"ఏమైనా గుర్తుందా?"

"రానిదాన్ని ఎట్ల మర్చిపోత సార్?" అని పకపకా నవ్వింది శ్రావణి.

పక్క మంచం మీది అమ్మాయి అందుకుంది. "నాకు తొంభై తొమ్మిది సార్. అంటే దీనికన్నా ఒక మార్కు ఎక్కువగానే నాకు సంస్కృతం రాదు."

గదంతా నవ్వింది. నేనూ నవ్వాను. నవ్వు ఆగాక శ్రావణి తను ఫ్రెంచ్ నేర్చుకుంటున్నానని చెప్పింది. పీఆర్‌కి, అంటే ఇక్కడ శాశ్వతంగా ఉండే అనుమతికి, పాయింట్లు కలుస్తాయట. "గిది వేరే ఉంటది సార్. ఎదురుంగ కూసొని మాట్లాడాలె. బట్టీ నడువది. బస్సుల అద్దం దిక్కు చూసి ప్రాక్టీస్ చేస్తుంటే పక్కనామె భయపడి సీటు మార్చింది."

వారాంతాల్లో గోదాంలో పెట్టెలు సర్ది, మిగతా రోజులు కాలేజీకి వెళ్లే ఈ పిల్ల, బస్సులో కూర్చుని ఒక కొత్త భాష నేర్చుకుంటోంది. తెలివి ఆమెకు కెనడాలో పుట్టుకురాలేదు. మిర్యాలగూడలోనూ ఉంది. అక్కడ ఎవరూ దాన్ని అడగలేదు, అంతే.

ఏజాక్స్: ప్రార్థన, పులుసు

మర్నాడు కరుణ కారులో ఏజాక్స్ చేరాను. ఒకే రకం ఇళ్లు, ఒకే రకం గరాజులు. ఏప్రిల్ వచ్చినా చెట్లకు ఆకు లేదు. కరుణ భర్త డేవిడ్ ఆసుపత్రిలో నర్సు. ఆ వేళ డ్యూటీలో ఉన్నాడు. చేపల పులుసు పొయ్యి మీద కుతకుతలాడుతోంది.

"మాస్టారూ, రెండు నిమిషాలు ప్రార్థన చేసుకుంటానండి. మీరు అంతసేపు పులుసు చూడండి, అడుగంటకుండా."

"నీ దేవుడు చూడడా?"

"ఆయనకు గరిటె పట్టుకోవడం రాదండి," అని కళ్లు మూసుకుంది.

భోజనం దగ్గర అసలు సంగతి చెప్పింది. ఆ స్కూల్లో లాటిన్ చెప్పేది ఆమె ఒక్కతే. చేరిన పిల్లలు తక్కువ. ఇంకో పది మందైనా పేర్లివ్వకపోతే సెప్టెంబరు నుంచి క్లాసు ఉండదని ప్రిన్సిపాల్ చెప్పేశాడు. "మంచాయనేనండి. కానీ ఆయన మీద ఇంకో ఆఫీసుంది కదా. ఉద్యోగం పోదులెండి, వేరే సబ్జెక్టులిస్తారు. కానీ ఒకసారి మూస్తే మళ్లీ తెరవరు. నేను చూశాను, చుట్టుపక్కల స్కూళ్లలో ఒక్కటీ మళ్లీ తెరవలేదు."

"మూస్తే ఏం పోయింది? చచ్చిన భాష కదా," అన్నాను, ఉడికించడానికి.

"పాపం, చచ్చినవాళ్లతో మాట్లాడ్డం మీకు ఇష్టం ఉండదు కదా. దయ్యాలు లేవంటారు," అంది.

సస్కటూన్: పిల్లలైన టీచర్లు

విమానంలో నాలుగు గంటలు కూర్చున్నా ఇంకా అదే దేశం. కిందికి చూస్తే నేల కొలబద్ద పెట్టి గీసినట్టు చదరాలు చదరాలుగా ఉంది. కొండ లేదు, గుట్ట లేదు. దిగాక గాలి చెవి కోసింది. నా మంకీ క్యాప్ చూసి విమానాశ్రయంలో కాఫీ పోస్తున్న కుర్రాడు "సార్, తెలుగా?" అన్నాడు. క్యాప్ చూసే పోల్చాడట. ఆ కాఫీ ధరకు మా ఊళ్లో ఇద్దరు సుష్టుగా భోంచేస్తారు. అది చెబితే, "రూపాయల్లోకి మార్చుకుని చూస్తే తాగలేరు సార్, మానేయండి," అని సలహా ఇచ్చాడు.

సమావేశం ఒక పాత స్కూల్లో. వచ్చినవాళ్లు పాతిక మందికి మించరు. గోధుమ చేల మధ్య చిన్న చిన్న ఊళ్ల నుంచి సగం రోజు కార్లు నడుపుకుంటూ వచ్చారు కొందరు. ఒక్కొక్కరూ తమ స్కూల్లో ఒంటరి. లెక్కల టీచరుకు పక్క గదిలో ఇంకో లెక్కల టీచరుంటారు. పాఠం కుదరకపోతే చెప్పుకోవడానికి వీళ్లకు పక్క గది లేదు. ఏడాదికోసారి ఈ గదే వాళ్లకు పక్క గది.

మన దగ్గర టీచర్ల శిక్షణ ఎలా ఉంటుందో మీకు తెలుసు. జ్యోతి ప్రజ్వలన, శాలువా, వక్త ఆలస్యం, సంతకం, టీ. నేను కూడా జేబులో ఉపన్యాసం పెట్టుకునే వెళ్లాను. దాన్ని బయటికి తీసే అవకాశమే రాలేదు. అక్కడ వాళ్ల పద్ధతి ఇది: ఆ ఏడాది తన క్లాసులో ఓడిపోయిన పాఠాన్ని ఎవరికి వారు తెస్తారు. అదే పాఠాన్ని అందరి ముందు మళ్లీ చెబుతారు. మిగతావాళ్లు పిల్లలై బెంచీల మీద కూర్చుంటారు. అయిపోయాక ఎవరూ మెచ్చుకోకూడదు. ఏ మాట దగ్గర తమ మనసు పాఠం వదిలి వెళ్లిపోయిందో అది మాత్రమే చెప్పాలి.

ఈ పద్ధతి పెట్టినామె మార్గరెట్. రిటైరైన టీచరు, గోధుమ రైతు కూతురు. నన్ను వెనక బెంచీలో తన పక్కన కూర్చోబెట్టుకుని, "ఇప్పుడు నీకు పద్నాలుగేళ్లు," అంది. మొదటి టీచరు రోమన్ల సైన్యం గురించి చెబుతుంటే నాకు ఒక అభ్యంతరం తట్టింది. లేచి నిలబడ్డాను. అలవాటు కదా, సామ్రాజ్యాల మీద బాగానే మాట్లాడాను. మార్గరెట్ చెయ్యెత్తి, "టీచర్, ఈ పిల్లవాణ్ణి హెడ్మాస్టరు దగ్గరికి పంపండి," అంది. గదంతా ఘొల్లుమంది. జీవితంలో మొదటిసారి వాదన మధ్యలో కూర్చున్నాను.

తర్వాత కరుణ వంతు. ఆమె తెచ్చింది ఒక సమాధి రాతి మీది వాక్యం. రెండు వేల ఏళ్ల కిందట చనిపోయిన ఒక చిన్నపిల్ల కోసం తల్లి చెక్కించిన చిన్న వాక్యం. పిల్లలు భయపడతారని కరుణ ముందే అర్థం చెప్పేసింది. ఒక్కో మాటకూ కింద ఇంగ్లీషు రాసి ఇచ్చింది. "ఇది చాలా తేలికే, కంగారు పడకండి," అంది. తన క్లాసులో దీని మీద పరీక్ష పెడితే అందరికీ మంచి మార్కులొచ్చాయట. మరుసటి వారం అలాంటిదే ఇంకో రాయి చూపిస్తే ఒక్కరూ నోరు తెరవలేదు.

పాఠం ముగిసింది. మార్గరెట్ మొదట మాట్లాడింది. "నువ్వు తేలిక అన్నావే, అక్కడ వెళ్లిపోయాను నేను. నాకు చేయడానికి ఏమీ మిగల్చలేదు నువ్వు."

ఇంకొకాయన మెల్లగా అన్నాడు: "నీకు మా మీద జాలి. మాకు రాదని నువ్వు ముందే అనుకున్నావు."

నాకు కోపమొచ్చింది. సభలో ఒక ఆడమనిషిని ఇలా నిలబెట్టి అంటారా అనుకున్నాను. కానీ కరుణ కుర్చీ లాక్కుని ఆయన పక్కనే కూర్చుని, "అయితే మొదట ఏ మాట ఇవ్వాలి?" అని అడిగింది. నలుగురు చుట్టూ చేరారు. మాట మాట తీసేస్తూ, పెడుతూ, మధ్యాహ్నం దాకా ఆ ఒక్క పాఠమే. చివరికి తయారైన పాఠంలో టీచరు చెప్పేది దాదాపు ఏమీ లేదు. ఒక రాయి, ఒక ప్రశ్న, అంతే.

భోజనానికి పెరోగీలు పెట్టారు. ఉక్రెయిన్ నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్ల వంట అది. మన కజ్జికాయలో బంగాళాదుంప కూరి ఉడకబెట్టినట్టుంటుంది. నా కోసం విడిగా తెచ్చుకున్న కారప్పొడి అద్దుకుని తిన్నాను. పొడి బల్ల చివరిదాకా ప్రయాణం చేసి ఖాళీ సీసాగా తిరిగొచ్చింది.

మార్గరెట్‌ను అడిగాను. "మా సంస్కృతం లాగే మీ లాటిన్ కూడా పూజారుల భాషే కదా. రైతు కూతురివి, నీకెందుకు?"

"అవును, వాళ్లదే. అందుకే లాక్కున్నాం," అంది, నోట్లో పెరోగీతోనే. "మీరేం చేశారు? వాళ్లకే వదిలేశారా?"

జవాబు చెప్పడానికి నోరు తెరిచాను. ఆవిడ ఇంకో పెరోగీ వడ్డించి లేచి వెళ్లిపోయింది.

నది ఒడ్డు

సాయంత్రం కరుణా నేనూ నది పక్కన నడిచాం. నీళ్లలో మంచు పలకలు ఇంకా కొట్టుకుపోతున్నాయి.

"వాళ్లు మరీ కఠినంగా మాట్లాడారమ్మా," అన్నాను.

"కాదు మాస్టారూ. ఆయన జాలి అన్నాడు చూడండి, అదే ఆలోచిస్తున్నాను." ఆగి చెప్పింది. "ఇంటర్‌లో నేను సంస్కృతం తీసుకున్నాను, మీకు గుర్తుందా? మీకు కోపమొచ్చింది కూడా. నేను మార్కుల కోసం తీసుకోలేదండి. నాకు నిజంగా నేర్చుకోవాలని ఉండేది. మొదటి రోజే పుస్తకం పట్టుకుని స్టాఫ్ రూముకి వెళ్లాను, ఈ అక్షరాలు నేర్పండి సార్ అని. ఆయన నన్ను చూశారు, నా పేరు అడిగారు, నాన్నగారు ఏం చేస్తారన్నారు. చెప్పాను. చాలా ప్రేమగా అన్నారు మాస్టారూ, 'నీకెందుకమ్మా ఈ కష్టం, మార్కులు నే వేసేస్తాలే.' వేశారు కూడా. తొంభై ఏడు."

పూర్వం వేదం వింటే చెవిలో సీసం పోస్తామన్నారని సభల్లో చెబుతుంటాం. ఇప్పుడు సీసం అక్కర్లేదు. తొంభై ఏడు మార్కులు పోస్తే చాలు. బయటికి నెట్టబడిన పిల్ల కృతజ్ఞతలు చెప్పి మరీ వెళ్తుంది. ఇంట్లో స్వీట్లు పంచుతారు. ఏ కోర్టులో కేసు వేస్తారు? అన్యాయం జరిగిందని ఏ కాగితం చూపిస్తారు? కాగితం మీద తొంభై ఏడుంది.

"ఆయన చెడ్డవాడు కాదండి," అంది కరుణ. "అదే నా బాధ. తిట్టి ఉంటే పట్టుదలకైనా నేర్చుకునేదాన్ని. ఇవాళ చూశారుగా, నేనూ నా పిల్లలకు అదే చేస్తున్నాను."

ఇంటికి తిరిగి వెళ్లే విమానంలో కరుణ, సస్కటూన్ బెర్రీలు కూరి కాల్చిన 'పై' అనే తీపి రొట్టె ముక్కను ఒళ్లో పెట్టుకుని ఆ పాఠం మళ్లీ మళ్లీ రాసుకుంటూనే ఉంది. నీలంగా నేరేడు రంగులో ఉండే ఆ పళ్ల రసం ఆమె కాగితం మీదా నా మిగిలిన ఒకే ఒక మంచి చొక్కా మీదా పడింది.

మళ్లీ ఏజాక్స్: సమోసాల బల్ల పక్కన

ఆ వారాంతం తెలుగువాళ్ల ఉగాది వేడుక. పండగ ఎప్పుడో అయిపోయింది కానీ హాలు దొరికిన రోజే అక్కడ ఉగాది. వేపపువ్వు దొరక్క పచ్చడిలో కాకరకాయ వేశారు. సమోసాల బల్ల పక్కన కరుణకు ఒక చిన్న బల్ల ఇచ్చారు. నేను వేదిక మీద నాలుగు మాటలు చెప్పాను. చప్పట్లు కొట్టారు. బల్ల దగ్గరికి సమోసాల కోసం వచ్చినవాళ్లే ఎక్కువ.

అప్పుడు వెంకట్ గారు వచ్చారు. హైదరాబాద్ మనిషి, అమెరికాలో కొన్నాళ్లుండి ఇక్కడికొచ్చిన సాఫ్ట్‌వేర్ ఇంజనీరు, సంఘంలో అందరికీ సాయపడే మనిషి. ఆయన పక్కన, కరుణ స్కూల్లోనే చదివే కూతురు అనన్య.

"కరుణ గారూ, ఓపెన్‌గా అడుగుతా, ఏమనుకోకండి. యూనివర్సిటీ అడ్మిషన్‌కి బెస్ట్ సిక్స్ కోర్సులు కౌంట్ చేస్తారు కదా. మీది స్కోరింగ్ సబ్జెక్టేనా?"

"చదివితే స్కోరింగేనండి."

"అట్లా కాదు. మన ఇంటర్‌లో సంస్కృతం లాగ. మీరు నైంటీ ఫైవ్ ప్లస్ చూసుకుంటానంటే చెప్పండి, ఇప్పుడే మా వాట్సాప్ గ్రూప్‌లో పెడతా. మా అమ్మాయే కాదు, పది పదిహేను మందిని రిజిస్టర్ చేయిస్తా. మన తెలుగు టీచర్ క్లాసు మూతపడుతుంటే చూస్తూ కూర్చుంటామా?"

ఆయన మోసం చేయడానికి రాలేదు. సాయం చేయడానికే వచ్చారు. ఫోను అప్పటికే చేతిలో ఉంది. చుట్టూ ఉన్న తల్లిదండ్రులు తలలూపుతున్నారు. కరుణకు కావలసింది పది మంది. ఆ పది మందీ ఆ ఫోన్‌లో ఉన్నారు. తలూపితే చాలు.

"డాడ్, ఐ డోంట్ వాంట్ ఫ్రీ మార్క్స్," అంది అనన్య, నేల చూస్తూ.

"నువ్వుండమ్మా, ఆంటీతో మాట్లాడుతున్నా కదా."

కరుణ ఆయన వైపు చాలా మర్యాదగా చూసింది. "మార్కుల మాట నేనివ్వలేనండి. నేర్పుతానని మాటివ్వగలను. పిల్లలకు కష్టంగానే ఉంటుంది. అనన్యకు ఇష్టమైతే పంపండి."

"అబ్బా, ఫార్మాలిటీకి ఒక మాట అనండి చాలు."

"ఆ మాట నాకు ఒకరు ఇచ్చారండి," అంది. అంతకన్నా చెప్పలేదు.

వెంకట్ గారు నా వైపు తిరిగారు. "సార్, మీరైనా చెప్పండి. మన వాళ్లకి మనమే హెల్ప్ చేసుకోకపోతే ఎట్లా?" నేను చెప్పాను, గట్టిగానే. మార్కులిచ్చి గది నింపితే అది క్లాసు కాదని, తన మీది వాక్యాన్ని కూడా ఎవరూ చదవలేని సమాధి అవుతుందని. నా మాట పదునుగా ఉంది. కానీ ఆ పదును ఎవరినీ చేర్పించలేదు. ఒక్కొక్కరూ సమోసా ప్లేట్లు తీసుకుని జరిగారు. మొహమాటంగా నవ్వారు. ఎవరూ కోప్పడలేదు. అనన్య మాత్రం వెళ్తూ వెళ్తూ బల్ల మీద పెట్టిన ఆ సమాధి రాయి ఫోటో దగ్గర ఆగి, ఒక మాట మీద వేలు పెట్టి, "ఈజ్ దిస్ మదర్?" అని అడిగింది. కరుణ తలూపలేదు, కాదనలేదు. "ఎందుకలా అనుకున్నావు?" అంది. ఆ పిల్ల చెప్పేలోగా తండ్రి పిలిచాడు.

ఇల్లు చేరాక

కొన్నాళ్లకు కరుణ ఫోన్ చేసింది. క్లాసు మూశారు. కొత్తగా దేశానికొచ్చిన పిల్లలకు ఇంగ్లీషు చెప్పమన్నారట. "బాగానే ఉందండి," అంది. బాగాలేదని ఆ గొంతు చెప్పింది. సస్కటూన్ వాళ్లు వచ్చే ఏడూ రమ్మన్నారట. "లాటిన్ లేకపోయినా ఓడిన పాఠాలుంటాయిగా, తీసుకురా అంది మార్గరెట్." అనన్య సంగతి అడిగాను. వేరే కోర్సు తీసుకుందట. స్కోరింగ్ కోర్సు.

సంస్కృతం ఎవరి మీదా రుద్దకూడదని ఇప్పటికీ అంటాను. నా దుఃఖం వేరు. నేర్పుతానన్న ఒకే ఒక్క టీచరుకు మనవాళ్లు ప్రేమగా ఇవ్వబోయిన సాయం అబద్ధం. ఆమె కాదన్నందుకు ఒక గది చీకటైపోయింది. ఇక్కడ మన ఊళ్లలో కాదనేవారే లేరు కాబట్టి అన్ని గదులూ వెలుగుతున్నాయి, ఖాళీగా. మన భాషా టీచర్లలో ఓడిన పాఠాన్ని ఇంకొకరి ముందు పెట్టినవాళ్లు నాకు ఒక్కరూ తెలియదు. మార్కులన్నీ తొంభై పైనుంటే ఓడిందని తెలిసేదెలా?

కాబట్టి ఈ పేజీ మూసి లేవండి. మీ ఇంట్లో ఇంటర్ చదివే పిల్లను పిలిచి, ఆమె సంస్కృతం పుస్తకం తెరిచి, ఒక్క వాక్యం చదవమనండి. చదవలేకపోతే తిట్టకండి, తప్పు ఆమెది కాదు. సోమవారం ఆమెను వెంటబెట్టుకుని కాలేజీకి వెళ్లండి. ఆ సంస్కృతం పంతులు గారి ఎదుట కుర్చీ లాక్కుని కూర్చోండి. అక్షరాలు నేర్పమని అడగండి. నేర్పడం కుదరదంటే, ఆయన ఎంత ప్రేమగా చెప్పినా సరే, మీ పిల్ల ముందే, ఆమెకు వినబడేలా చెప్పండి: ఆ మార్కులు మాకొద్దు.